మా మండువా లోగిలిని నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

కోనసీమలో మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి మరమ్మతులు పూర్తయి, మొన్న ఆదివారం అటక మీదికి మళ్ళీ కొబ్బరికాయలు ఎక్కాయి. 14 నెలలు సాగిన ఈ పనిలో చెయ్యి వేసిన వారందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కనుక వరసలతోనూ వృత్తులతోనూ ప్రస్తావిస్తున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీరు అందిన తరువాత డెల్టా రైతులు కట్టుకున్న ఇళ్ళ తీరే మాదీను: వీధి అరుగు, సావడి, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ టేకు స్తంభాల వసారా, వెనుక ధాన్యపు గది, పెరట్లో పశువుల పాక. 1996 నవంబరు 6 నాటి తుపానులో సగం పెంకులు ఎగిరిపోయినా గోడలు చెక్కుచెదరలేదు. వాటికి చేటు చేసింది నేనే. అడుగున చెమ్మ కనిపిస్తున్నదని ఇరవై ఏళ్ళ కిందట పాత సున్నపు పూత చెక్కించి సిమెంటు పూయించాను. నేలలోంచి ఎక్కే తేమ సున్నపు పూత గుండా బయటికి ఆరిపోతూ ఉండేది. సిమెంటు ఆ దారి మూసేసరికి అది గోడలోనే నిలిచి, ఉప్పు పూసి, మోకాలెత్తు వరకు ఇటుకలు వేలితో గీస్తే రాలే స్థితికి వచ్చాయి.

పడగొట్టి డాబా వేయడమే మేలని ఇంట్లో దాదాపు నిర్ణయమైపోయింది. పాత కలప కొనే వ్యాపారి వచ్చి స్తంభాలు కొలుచుకుని కూడా వెళ్ళాడు. అప్పుడు మా మేనత్తగారు ఒక్కటే అడిగారు: "శ్లాబు వేస్తే కురిడీ ఎక్కడ పోస్తావురా?" కురిడీకి కాయ నెలల తరబడి నీడన, గాలి ఆడే చోట ఉండాలి, లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను విడిచి, ఊపితే గలగలలాడాలి. పెంకుటింటి అటక అందుకోసమే ఉన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇల్లు నిలవడానికి మొదటి కారణం అత్తయ్యగారే.

పాత కట్టడాలపై పనిచేసిన ఆర్కిటెక్టు గారు రెండుసార్లు తమ ఖర్చుతోనే వచ్చి, ఏది మార్చాలో కన్న ఏది ముట్టుకోకూడదో ఎక్కువ వివరంగా చెప్పారు. వారి మాట ప్రకారం స్నానాల గదులు గోడలకు తగలకుండా పెరట్లో విడిగా కట్టాము. కరెంటు తీగలు గోడ తొలవకుండా చెక్క పట్టీల మీదుగా తీశాము.

తాపీ మేస్త్రీగారికి మేము పడ్డ రుణం కూలీ లెక్కలో తీరేది కాదు. సున్నాన్ని గోతిలో వారాల తరబడి నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళ ఇసుక కలిపి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు పోస్తూ రుబ్బించారు. పూత ఒక్కొక్క పొరే వేయించి, ఎండకు బీటలు వారకుండా తడిగోనెలు కప్పించారు. తొందరపెట్టినందుకు నన్ను ఒకసారి గట్టిగానే కోప్పడ్డారు, అది న్యాయమే. ఈశాన్యపు స్తంభం అడుగు జానెడు మేర పుచ్చిపోతే, వడ్రంగి మేస్త్రీగారు దూలం కింద లారీ జాకీ పెట్టి వెంట్రుకవాసి చొప్పున లేపి, పుచ్చు కోసి, పాత టేకు ముక్కనే అతికి, రాతి దిమ్మె మీద మళ్ళీ దించారు. ఆ గంటసేపు వసారాలో ఎవరమూ మాట్లాడలేదు.

పెంకుల కోసం తమ్ముళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, కూల్చిన ఇళ్ళ నుంచి ఏరి తెచ్చారు. మంగళూరులో పుట్టిన పెంకును మనవైపు బెంగుళూరు పెంకు అని ఎందుకంటారో అక్కడి సావళ్ళలో పెద్ద చర్చే జరిగిందట. డల్లాస్, హైదరాబాదుల్లో ఉన్న మా అన్నదమ్ముల పిల్లలు అడగకముందే డబ్బు పంపారు. ఎదురింటి బాబాయిగారు రెండు పంటల ధాన్యం తమ కొట్టులో పెట్టుకోనిచ్చి అద్దె మాటే ఎత్తనివ్వలేదు. వంటింటి వెనుక పూత చెక్కేటప్పుడు నెల రోజులు దుమ్ము భరించిన ఇరుగుపొరుగు వారికి క్షమాపణ కూడా చెప్పుకోవాలి.

పశువుల పాక కప్పు ఇంకా మిగిలి ఉంది. దాన్ని వచ్చే వేసవిలో చేయిస్తాము. గోతిలో నానిన సున్నం మాత్రం చాలా మిగిలింది. మన చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత గోడకు పూత వేయించే పని ఉంటే వచ్చి తీసుకువెళ్ళవచ్చు. పైన నీరు ఆరిపోకుండా చూస్తున్నాము, గనుక చెడిపోదు. పాళ్ళు ఎలా కలపాలో మేస్త్రీగారే వచ్చి చూపిస్తామన్నారు.