బగ్గులు లెక్కపెట్టడం ముందు మానెయ్ రా

హైదరాబాద్,
ఆదివారం, భోజనమయ్యాక

ఒరేయ్ రాంబాబూ,

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఎలా బాగుచెయ్యాలని అడుగుతూ నువ్వు పంపిన మెయిల్ బుధవారమే చూశా. ఫోన్లో చెప్పేద్దామనుకున్నా కానీ, నేను మొదలుపెట్టగానే నువ్వు "అదంతా సరే, ఇంతకీ ఏ టూల్ కొనమంటావ్?" అంటావని తెలుసు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మా ఆవిడా పిల్లలూ మల్కాజిగిరిలో వాళ్ళ పిన్నిగారింటికెళ్ళారు. ఇంట్లో నేనూ, ఫ్యాన్ చప్పుడూ అంతే.

క్వాలిటీ హెడ్ అయ్యావు, సంతోషం. మీ వీపీ అన్న మాట చదివి మాత్రం నవ్వొచ్చింది. "ఆర్నెల్లలో టెస్టింగ్ బాగుపడాలి, ప్రొడక్షన్లో బగ్గులు సగానికి తగ్గాలి" అన్నాడా? జనం చేతికెళ్ళిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు సగం అయిపోవాలట! పెళ్ళింట్లో వంటవాణ్ణి వదిలేసి, వడ్డించేవాణ్ణి పిలిచి "ఈసారి సాంబార్లో ఉప్పు సరిపోవాలి" అని చెప్పినట్టుంది. బకెట్టు చేతికొచ్చాక వాడేం చేస్తాడు పాపం, గరిటె పట్టుకుని బిక్కమొహం వేస్తాడు. మన బతుకు ఇన్నేళ్ళుగా అదేగా. కోడంతా అయిపోయి, రిలీజ్ రెండ్రోజులుందనగా మన చేతిలో పెట్టి, అంతా బాగుందని "సైన్ ఆఫ్ ఇచ్చెయ్" అంటారు. రేపు ఏదన్నా పగిలితే "టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేదు?" అని వార్ రూమ్‌లో మొదటి ప్రశ్న మనకే.

ఇప్పుడు మా చుక్క కథ చెప్తా విను. నేను అంతకుముందు పనిచేసిన చోట (పేరెందుకులే, నీకు తెలుసు) ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. దరఖాస్తులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి. మా టెస్ట్ డేటా అంతా 'టెస్ట్ యూజర్', 'టెస్ట్ యూజర్2', ఇంకా సరదా పుడితే 'జాన్ స్మిత్'. అన్నీ పాస్. బయట ఊళ్ళలో ఏమైందంటే, ఒకే పేరున్న వాళ్ళొచ్చినప్పుడు లాస్ట్ నేమ్‌లో ఏం కొట్టాలో తెలీక ఏజెంట్లు ఒక చుక్క పెట్టడం మొదలెట్టారు. సిస్టమ్ తీసుకుంది. "ప్రియమైన శ్రీ ." అని ఉత్తరాలు వెళ్ళాయి. అదన్నా నవ్వుకునేదే. ఒకే పుట్టినరోజు, ఒకే పిన్‌కోడ్, ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే మనిషని అనుమానించే డూప్లికేట్ చెక్ ఒకటుండేది మాకు. జనవరి 1న పుట్టినట్టు రాయించుకున్న పెద్దవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందుంటారో నీకు వేరే చెప్పాలా? ఆ చుక్క ఇంటిపేరు వాళ్ళందర్నీ మా సాఫ్ట్‌వేర్ ఏకం చేసి, పాలసీలు ఆపేసింది.

ఇందులో నన్ను కుదిపేసిన సంగతి వేరే ఉంది. మా టెస్టర్లెవరికీ అంతుపట్టని ఈ వ్యవహారం కాల్ సెంటర్లో ఒక అమ్మాయికి మూడు నెలలుగా తెలుసు! "చుక్క కస్టమర్లు సార్, మాకు అలవాటే, చేత్తో సరిచేసి పంపిస్తాం" అంది చాలా మామూలుగా. మా ఆఫీసులో మేం నాలుగో ఫ్లోర్, వాళ్ళు రెండో ఫ్లోర్. మధ్యలో రెండు మెట్ల వరసలు. ఒక్కసారి కూడా దిగలేదు.

అందుకని నువ్వు మొట్టమొదట చెయ్యాల్సింది మీ సపోర్ట్ వాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం. గత ఆర్నెల్లలో ప్రొడక్షన్ నుంచి వచ్చిన ఫిర్యాదుల టికెట్లు తీసి ఒక్కోటీ చదువు. నీ కిందివాళ్ళకి అప్పజెప్పకు, నువ్వే చదువు. ఒక్కోదాని పక్కన ఇది ఎక్కడ దొరకాల్సింది అని రాసుకో. ఏం కావాలో రిక్వైర్మెంట్ మాట్లాడుకున్నప్పుడా, డెవలపర్ తన కోడ్‌ని ముక్కముక్కగా చూసుకునే యూనిట్ టెస్టులోనా, మన దగ్గరా, రిలీజ్ అప్పుడా? నేను అలా రాసుకున్నప్పుడు, మన దగ్గర దొరకాల్సినవి నేననుకున్న దానికంటే బాగా తక్కువ తేలాయి. ఎక్కువ భాగం అసలు ఎవరూ ఏ ప్రశ్నా అడగకుండా కోడ్‌లోకి జారిపోయినవే. ఆ కాగితం మీ వీపీ ముందు పెట్టు. ఎన్ని స్లైడ్లు వేసినా అంత పని చెయ్యవు.

ప్రశ్న అంటే గుర్తొచ్చింది. "వయసు 60 దాటిన వారికి ప్రీమియం వేరు" అని ఒక లైను వచ్చింది మాకు. చదివితే ఏ అనుమానమూ రాదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లాడు మాత్రం "అరవై నిండితేనా సార్, అరవయ్యో ఏడు నడుస్తుంటేనా?" అన్నాడు. గది నిశ్శబ్దం. డెవలపర్ ఒకటనుకున్నాడు, బిజినెస్ ఆవిడ ఇంకోటనుకుంది. నేనైతే ఏమీ అనుకోలేదు. మన ఇళ్ళల్లో బామ్మల్ని వయసడిగితే 'నిండాయా, నడుస్తున్నాయా' అనే అడుగుతాం కదా, ఆఫీసుకెళ్తే ఆ తెలివి ఎక్కడికి పోతుందో! ఆ ప్రశ్న ఖరీదు ఒక టీ. అదే ప్రొడక్షన్లో దొరికుంటే ప్రీమియం తిరిగి లెక్కకట్టడం, క్షమాపణ ఉత్తరాలు, ఆడిట్. అప్పటినుంచీ ఏ పనైనా కోడ్ మొదలెట్టకముందు బిజినెస్ మనిషి, డెవలపర్, టెస్టర్ ముగ్గురూ అరగంట కూర్చోవాలని పట్టుబట్టా. మొదటి నెల అందరూ విసుక్కున్నారు. "మళ్ళీ ఇంకో మీటింగా" అని నన్నే తిట్టారు. ఓపిక పట్టు.

ఇక బగ్గుల లెక్క. మీ డ్యాష్‌బోర్డులో టెస్టర్‌వారీగా బగ్గుల సంఖ్య ఉందని రాశావ్. తీసెయ్ రా బాబూ. మా దగ్గర టెస్టర్‌కి ఎన్ని బగ్గులు రైజ్ చేస్తే అంత రేటింగ్, డెవలపర్‌కి ఎన్ని తగ్గితే అంత రేటింగ్ ఉండేది. ఏమైందో ఊహించు. ఒక లేబుల్‌లో స్పెల్లింగ్ తప్పు ఐదు స్క్రీన్లలో ఉంటే ఐదు బగ్గులు. డెవలపర్లు సాయంత్రాలు వచ్చి "అన్నా, దీన్ని టూల్‌లో ఎక్కించకు, చాట్‌లో చెప్పు, రాత్రికి సరిచేసేస్తా" అని బతిమాలుకునేవాళ్ళు. మనవాడే కదా అని సరే అనేవాళ్ళం. రెండు రోజులు కష్టపడి లోతైన బగ్ ఒకటి పట్టుకున్న అమ్మాయికి ఆ నెల లెక్కలో చివరి స్థానం. ఆవిడే ముందు మానేసి వెళ్ళిపోయింది. నాకు ఇప్పటికీ బాధ, ఎందుకంటే ఆ రేటింగ్ మీద సంతకం పెట్టింది నేనే.

ఆటోమేషన్ 80 శాతం చెయ్యాలన్న టార్గెట్ కూడా ఉందన్నావ్. దేనిలో 80 శాతం? మాకు మనిషి లేకుండా టెస్ట్ చేసే స్క్రిప్టులు వెయ్యి పైచిలుకు ఉండేవి, దాదాపు అన్నీ స్క్రీన్ మీద బటన్లు నొక్కేవే. రాత్రి నడిచేవి, పొద్దున్నే మెయిల్ వచ్చేది, రోజూ నలభయ్యో యాభయ్యో ఫెయిల్. మళ్ళీ నడిపితే సగం పాస్. ఇంకోసారి నడిపితే ఇంకొన్ని పాస్. ఆకుపచ్చ వచ్చేదాకా నడపడమే ఒక కుర్రాడి ఉద్యోగం. కొన్నాళ్ళకి ఆ మెయిల్ ఎవరూ తెరవడం మానేశారు. నాన్నా పులి కథే.

తెరవని మెయిల్ ఎంత పని చేస్తుందో చెప్పనా? 2012 ఆగస్టు 1, అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాలి, ఏడింట్లోనే పెట్టారు. మిగిలిన ఒక్కదాంట్లో ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేసిన పాత కోడ్ ఉంది. కొత్త పనికి వాడిన ఫ్లాగ్ (స్విచ్ లాంటిదనుకో) ఒకప్పుడు ఆ పాత కోడ్‌దే. ఫ్లాగ్ వెయ్యగానే ఆ పాత దెయ్యం లేచింది. దాదాపు 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా ట్రేడ్లు, నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. ఖంగారులో ఏం చేశారో తెలుసా, బాగా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఎనిమిదీ చెడ్డవే అయ్యాయి! మార్కెట్ తెరవకముందే వాళ్ళ సిస్టమ్ ఆ తప్పు గురించి లోపలివాళ్ళకి 97 మెయిళ్ళు పంపిందట, దర్యాప్తులో తేలింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ 97 అంకె చదివినప్పుడల్లా నాకు మా పొద్దుటి మెయిల్ గుర్తొస్తుంది.

కాబట్టి కొత్త స్క్రిప్టులు రాయించేముందు ఉన్నవాటిలో ఫ్లేకీ వాటిని, అంటే ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యేవాటిని, పక్కకి తీసెయ్. ఒక వారం గడువివ్వు, ఆ లోపు బాగుచేస్తే సరి, లేకపోతే డిలీట్. మేం మూడోవంతు పారేశాం. పారేసినప్పుడు గుండె తరుక్కుపోయింది, కానీ ఆ తర్వాత ఎర్ర గుర్తు కనబడితే జనం కుర్చీలోంచి లేవడం మొదలెట్టారు. లెక్కలూ రూల్సూ స్క్రీన్ దాకా రాకుండా కింద యూనిట్ టెస్టుల్లోనే తేలిపోవాలి, అది డెవలపర్ల పని. ఈ విషయంలో వాళ్ళ లీడ్‌తో నీకు గొడవ తప్పదు. పడు.

పాస్ అయిన టెస్టుని కూడా అంత తేలిగ్గా నమ్మకు. 2024 జులై 19 శుక్రవారం గుర్తుందిగా, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. కంప్యూటర్లకి కాపలా కాసే క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మన టైమ్‌లో పొద్దున 9.39కి బయల్దేరింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో పడిపోయాయి. అసలు తప్పు వింటే మన పనే అనిపిస్తుంది. ఒకచోట 21 విలువలు కావాలి, కోడ్ ఇస్తున్నది 20. మరి టెస్టుల్లో ఎందుకు దొరకలేదంటే, ఆ 21వ దాని దగ్గర 'ఏదైనా సరే' అన్న వైల్డ్‌కార్డ్ పెట్టి పరీక్షించారు. ఏదైనా సరే అన్నప్పుడు అక్కడ ఏముందో చూడాల్సిన పనే లేదుగా. ఆ రోజు మొదటిసారి నిజంగా చూడమని అడిగారు, అక్కడ ఏమీ లేదు. పైగా ఆ రకం అప్‌డేట్‌ని కొద్దికొద్దిగా వదిలే పద్ధతి లేదు, ఊరందరికీ ఒకేసారి. మీరు ఇప్పటికీ అందరికీ ఒక్క దెబ్బలో రిలీజ్ చేస్తున్నారని రాశావ్. ముందు మీ ఆఫీసు వాళ్ళకి, తర్వాత ఒక చిన్న గుంపుకి, రెండ్రోజులు చూసి మిగతావాళ్ళకి. ఇది టెస్టింగ్ కాదు అంటారు మీవాళ్ళు. నన్నడిగితే ఇంతకన్నా మంచి టెస్టింగ్ లేదు.

మనింట్లో అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు నొక్కి చూస్తారు చూడు, మేనేజర్లకి టెస్టింగ్ అంటే అదే. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లని పడగొట్టింది, మరిచిపోలేదుగా? ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్ కూలిపోయేది. అందరూ తెలుగు రాస్తే ఫోన్ చస్తుందన్నారు కానీ, మనం రోజూ రాసే 'జ్ఞానం' ఏం చెయ్యలేదు. జ, దానికి పొల్లు, ఞ, ఆ వెనక కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం, ఈ ఐదూ అదే వరసలో పడాలి. బెంగాలీ, దేవనాగరి అక్షరాల్లోనూ అలాంటి కలయికలున్నాయి. ఆపిల్ వాళ్ళు అదే నెల ఐఓఎస్ 11.2.6 వెర్షన్లో సరిచేశారు. ఒక్కో మెతుకూ శుభ్రంగా ఉడికింది, ఐదూ కలిసి నోట్లో పడితేనే రాయి తగిలింది. అందుకే నీ టీమ్‌లో రకరకాల మనుషుల్ని పెట్టుకో. టెస్ట్ డేటాలో ఇంటిపేరు లేనివాణ్ణి, ఇంటిపేరు మూడు ముక్కలున్నవాణ్ణి, ఫిబ్రవరి 29న పుట్టినవాణ్ణి, పేరు తెలుగులో కాపీ చేసి అతికించేవాణ్ణి పెట్టు. వారానికో గంట స్క్రిప్టులూ టెస్ట్ కేసులూ పక్కన పెట్టి, చిలిపి పిల్లల్లా యాప్‌ని చెడగొట్టమను. మావాళ్ళకి అది శుక్రవారం సాయంత్రం ఆటలా ఉండేది, మిర్చిబజ్జీలు నా ఖర్చు.

తప్పు ఎందుకు జరిగిందో తవ్వే ఆర్‌సీఏ మీటింగుల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవడమో, లేకపోతే ఎవడో ఒక్కణ్ణి పట్టి బలివ్వడమో, ఈ రెండే చూశాను చాలాచోట్ల. 'ఎవరు' అన్న మాట ఆ గదిలో వాడకూడదని నువ్వొక్కడివే రూల్ పెట్టగలవ్. ఇప్పుడు పదవి నీదేగా.

టూల్ సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నా, ప్రస్తుతానికి ఏదీ కొనకు. ఆ బడ్జెట్‌తో ప్రొడక్షన్‌లా ఉండే ఒక సరైన టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ అడుగు. మూడు టీములు ఒకే సర్వర్ మీద కొట్టుకుంటున్నారని నువ్వే రాశావు.

వచ్చే నెల రెండో శనివారం వైజాగ్ వస్తున్నా, మా బావమరిది గృహప్రవేశం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ కన్ఫర్మ్ అయింది. ఆదివారం మధ్యాహ్నం నీ దగ్గరికొస్తా. ఆ లోపు మీ సపోర్ట్ టికెట్లన్నీ చదివి, పక్కన రాసిన కాగితం సిద్ధంగా ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ ఆవిణ్ణి ప్రత్యేకంగా ఏమీ వండొద్దని చెప్పు. మాడుగుల హల్వా మాత్రం తెప్పించి పెట్టు, పోయినసారి లాగా ఖాళీ డబ్బా చూపించావంటే అన్నిటికన్నా తీవ్రమైన సెవెరిటీ వన్ టికెట్ రైజ్ చేస్తా.

నీ
సత్యం