ఫిర్యాదు చేసినవారి ఫైలుకు ఎవరు పూచీ?

సంపాదకులకు,

అయ్యా,

అవినీతికి కారణమేమిటంటే విలువలు పడిపోయాయనీ, ఎన్నికల ఖర్చు పెరిగిందనీ అంటాం. అవి నిజమే. అయితే విశాఖపట్నంలో కార్యాలయాల చుట్టూ తిరిగినవాడిగా నాకు అంతకంటే దగ్గరగా కనబడిన కారణం భయం. లంచం ఇవ్వకపోతే పని ఆగుతుందని, ఫిర్యాదు చేస్తే ఇక ఎన్నటికీ జరగదని సామాన్యుడు భయపడుతున్నాడు.

మా నాన్నగారు పోయాక ఇంటిపన్ను రికార్డులో అమ్మ పేరు ఎక్కించమని మరణ ధ్రువీకరణ పత్రం, పన్ను రసీదులు జతచేసి దరఖాస్తు పెట్టాను. లోపల నన్ను ఎవరూ పైసా అడగలేదు, రేపు రమ్మన్నారంతే. మూడోసారి తిరిగి వస్తుంటే బయట జిరాక్సు దుకాణంలో ఉన్నతను నా రసీదు తీసుకుని, వెనకవైపు పెన్సిలుతో ఒక అంకె వేసి, నేను చూశాక రబ్బరుతో చెరిపేశాడు. ఆ డబ్బు ఇచ్చాను. నాలుగో రోజుకు పని అయింది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఫిర్యాదు నంబరు నాకు తెలుసు, అయినా ఫోను చేయలేదు. రేపు ఆ ఇంటికి ఇంకో గది వేసుకోవాలన్నా, అమ్ముకోవాలన్నా కాగితం మళ్లీ ఆ బల్ల మీదికే వెళ్లాలి కదా!

1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు లంచం ఇవ్వడాన్నీ నేరుగా నేరం చేశారు. గత్యంతరం లేక ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే ఆ నేరం వర్తించదన్న మినహాయింపు కూడా అందులోనే ఉంది. ఈ ఏడు రోజుల సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ఫిర్యాదు నంబరు రాసిన ప్రతి గోడ మీదా దీన్ని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

భూమి విలువ ఇంతగా పెరిగిన మన నగరంలో రికార్డులో ఒక్క గీత మారితే కోట్లు చేతులు మారతాయి. భూ అక్రమాలపై 2017లో ఒక ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్), 2019లో మరో సిట్‌ను వేయవలసి వచ్చిందంటే జబ్బు ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. అంత పెద్ద వ్యవహారాలు జిరాక్సు దుకాణంలోని పెన్సిలు అంకెకు సంబంధం లేనివని నేను అనుకోను, ఎందుకంటే రెంటికీ ఆధారం, కారణం చెప్పకుండా ఫైలును ఆపగలిగే అధికారమే.

అందుచేత దరఖాస్తును గడువు దాటి ఆపితే కారణాన్ని, ఆపిన ఉద్యోగి పేరును దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ముప్పై రోజులు ఆగి తెలుసుకోవలసిన సమాచారం కాదది. అవినీతి కేసులో ఉద్యోగిని కోర్టులో విచారించడానికి (ప్రాసిక్యూషన్‌కు) ఇవ్వవలసిన అనుమతిపై మూడు నెలల్లో, న్యాయ సలహా అవసరమైతే మరో నెలలో నిర్ణయం తీసుకోవాలని చట్టమే చెబుతోంది కాబట్టి, ఏ కేసులో ఎన్నాళ్లు పట్టిందో ప్రభుత్వం ఎప్పటికప్పుడు ప్రకటించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫిర్యాదుదారు పని. ఏసీబీ వల పన్ని ఉద్యోగిని పట్టుకున్న మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది, ఫిర్యాదు చేసినవారి ఫైలు ఏమైందో మాత్రం ఎవరూ రాయరు. ఫిర్యాదు అందిన రోజే ఆ ఫైలును వేరే కార్యాలయానికి బదిలీ చేసి, పదిహేను రోజుల్లో తేల్చి, ఆ తర్వాత కూడా ఆ కుటుంబం దరఖాస్తులను పై అధికారి పర్యవేక్షించేలా నిబంధన పెట్టాలి. దీనికి కొత్త చట్టం దాకా పోనక్కర్లేదని, శాఖాపరమైన ఉత్తర్వు సరిపోతుందని నా అభిప్రాయం. జిల్లా కలెక్టరు, నగరపాలక కమిషనరు దీన్ని తమ పరిధిలోని కార్యాలయాల్లోనైనా వెంటనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం