బొంత విప్పించిన అమ్మగారికి

పోయిన నెల సామర్లకోటలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దావిడా, మీ పేరు అడగడం మరిచాను. మా అక్క మనవరాలి కోసం కుడుతున్న బొంతని ఇంట్లో అందరూ ‘భలే ఉంది’ అన్నవాళ్లే. మీరు మాత్రం అరచేత్తో ఓసారి నిమిరి, ‘ఏమనుకోకమ్మా, ఒక్క ఉతుక్కే ముద్దయిపోతుంది’ అన్నారు.

నిజం చెప్పొద్దూ, ముఖం ముడుచుకున్నాను. నాలుగంచులూ ముందే కుట్టేసి లోపలికి రావడంతో నడుమ గుడ్డ బుడిపెలా లేచిందని, మధ్యలోంచి అంచులకు కచ్చా కుట్టు వేసుకుంటూ రావాలని చూపించారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ అమ్మ నేతచీరలకు నేను ఉతకని కొత్త గుడ్డ అంచు వేశాను. తడిస్తే అది కుదించుకుపోయి అంతా లాగేస్తుందట! కుట్టు వేలెడు పొడుగుంటే పసిదాని కాలివేలు ఇరుక్కుంటుందన్నది అసలు నా బుర్రకే తట్టలేదు.

తుని వచ్చేలోపు మీరే ఓ అంచు విప్పిపెట్టారు. ‘మూల మాత్రం చక్కగా తిప్పావు’ అని కూడా అన్నారు, అదీ గుర్తుంది.

బొంత మళ్లీ కుట్టాను, రెండుసార్లు ఉతికాను, ముద్ద కాలేదు. ఒక పక్క కాస్త వంకర ఉంది లెండి. చాలా థాంక్సండీ. మీ సూది నా దగ్గరే ఉండిపోయింది.