బరువు పెరిగిందని సంబరపడకండి

సంపాదకుల గారికి నమస్కారం.

మూలుగ (ఎముక మజ్జ) మార్పిడి చేయించుకున్న చిన్నారి గురించి మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులు దాటింది. పోనీలే అనుకున్నాను గానీ, నిన్న జిల్లా పేజీలో మళ్లీ అదే ఫొటో చూశాక ఆగలేకపోయాను. బొకేలు, శాలువాలు, పది మంది పెద్దమనుషులు, వాళ్ల మధ్యలో ఎక్కడో ఆ పాప. పైన ‘ఆపరేషన్ విజయవంతం’ అని శీర్షిక. అయ్యా, అది ఆపరేషన్ కాదు. దాత నుంచి తీసి సంచిలో నింపిన మూలకణాలను రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. అసలు గండం ఆ తర్వాతి మూడు నాలుగు వారాలది. కాలేయంలోని రక్తనాళాలు మూసుకుపోయే వీఓడీ (వీనో-ఆక్లూజివ్ డిసీజ్) అనే జబ్బు ఎక్కువగా అప్పుడే వస్తుంది. దాని గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

మా మనవడికి తలసీమియా, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు. మూడేళ్ల కిందట వాడి అక్క మూలుగతో మార్పిడి చేయించాం. ఏ ఆసుపత్రో చెప్పను, ఇప్పుడు తగాదా నాకొద్దు. ఎక్కించిన పదకొండో రోజు నుంచి వాడి బరువు పెరగడం మొదలైంది. నోటి నిండా పుండ్లు, మెతుకు దిగడం లేదు, అయినా బరువు పెరుగుతోంది. నర్సమ్మ “పుంజుకుంటున్నాడు తాతగారూ” అంది. లాగు నాడా బిగుసుకుపోతోందని గమనించింది మా కోడలు. డ్యూటీ డాక్టర్‌ని అడిగితే “కళ్లు పచ్చబడలేదు, బిలిరుబిన్ నార్మల్, టెన్షన్ పడకండి” అన్నాడు. బిలిరుబిన్ అంటే రక్తంలో కామెర్లను చూపే పసుపు పదార్థం. రోజూ ప్లేట్‌లెట్లు ఎక్కించడం, మర్నాటికి అవి మళ్లీ అడుగంటడం. దాతల కోసం మా అబ్బాయి ఫోన్ చెయ్యని స్నేహితుడు లేడు. ఎక్కించినవన్నీ ఎటు పోతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

పాత మూలుగను తుడిచెయ్యడానికి ముందుగా ఇచ్చే బుసల్ఫాన్ లాంటి కీమో మందులకు కాలేయంలోని సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అవి మూసుకుపోతే రక్తం కదలదు. కాలేయం ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, ఎక్కించిన ప్లేట్‌లెట్లు నిలవవు. ఇదే ఆ వీఓడీ. ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకుని కాలేయంలో ఇనుము పేరుకున్న తలసీమియా పిల్లలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. జబ్బును గుర్తించే 1980ల నాటి ప్రమాణాల్లో ఒకదాని ప్రకారం కామెర్లు ఉంటేనే ఈ జబ్బు ఉన్నట్టు. పిల్లల్లో చాలామందికి కామెర్లు లేకుండానే వస్తుంది కాబట్టి 2018లో యూరప్ మార్పిడి నిపుణులు పిల్లల కోసం విడిగా ప్రమాణాలు రాశారు. నిలవని ప్లేట్‌లెట్లు, 5 శాతం దాటి పెరిగిన బరువు, పెద్దదైన కాలేయం, పొట్టలో నీరు, పెరుగుతున్న బిలిరుబిన్. వీటిలో ఏ రెండు కనిపించినా అనుమానించమన్నారు.

మావాడు 18 కిలోలు. 5 శాతం అంటే 900 గ్రాములు. ఆ వార్డులో రెండు కాటాలు ఉండేవి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా 600 గ్రాములు! పొద్దున ఒకదాని మీద, సాయంత్రం రెండోదాని మీద తూచేవారు. మా ఊరి రేషన్ షాపు కాటాకు తూనికల శాఖ ముద్ర ఉందా అని అడుగుతారు. పసిపిల్లల ప్రాణం తూచే కాటాకు అడిగే నాథుడు లేడు. వార్డు తనిఖీకి పెద్దసారు ఒకరు వచ్చారు. గోడల రంగు బాగుందని మెచ్చుకుని వెళ్లారు.

పదహారో రోజున ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి చూసి, చార్టు విసిరికొట్టినంత పని చేసింది. దీనికి మందు డెఫిబ్రోటైడ్. రోజుకు నాలుగు సార్లు, కనీసం 21 రోజులు నరంలోకి ఎక్కించాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ముదిరి ఊపిరితిత్తులూ కిడ్నీలూ దెబ్బతిన్నాక బతికేవాళ్లు తక్కువ. మాకు ఆ మందు బయట నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియా వాళ్లు 2017 నుంచి తలసీమియా పిల్లల మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తున్నారు, పుణ్యాత్ములు. మాకూ అందింది, మార్పిడి ఖర్చులకే సరిపోయింది. మందు కోసం ఎకరం అమ్మాం. సాయం కోసం వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ ‘సార్ టూర్‌లో ఉన్నారు’. ఈ సార్లు తిరిగినన్ని ఊళ్లు మా ఊరి బస్సు కూడా తిరగదు.

మా వాడు గట్టెక్కాడు, ఇప్పుడు నాలుగో తరగతి. పక్క మంచం పిల్లాడి గురించి రాయలేను.

కొత్త మూలుగ మార్పిడి యూనిట్ ప్రారంభమంటే మీ విలేకరి ఎలాగూ వెళ్తాడు. రిబ్బను ఫొటో తీసుకున్నాక కాస్త లోపలికి వెళ్లి, పిల్లల్ని రోజుకు ఎన్నిసార్లు తూస్తున్నారో, పొట్ట చుట్టుకొలత ఎవరు రాస్తున్నారో, డెఫిబ్రోటైడ్ ఆసుపత్రిలో నిల్వ ఉందో ఆర్డర్ పెట్టాక వస్తుందో కనుక్కోమనండి. మా కోడలు తూకాలు రాసిన నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా