నాన్న సీబీపీ రిపోర్టు చూశాక

లీడ్స్

చిన్నా,

నాన్న సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో తెల్లకణాలు మైక్రోలీటరుకు 24,000, వాటిలో ఒక రకమైన లింఫోసైట్లు 78 శాతం. శాతం చూసి ఏమీ తేల్చలేం, లెక్క కట్టాలి. 24,000లో 78 శాతమంటే 18,700 పైమాటే. మూడు నెలల కిందటి రిపోర్టులోనూ ఎక్కువే ఉంది, జ్వరమూ లేదు. మామూలు ఇన్‌ఫెక్షన్‌తో పెరిగితే కొన్ని వారాల్లో దిగిపోవాలి. ఆ వయసులో ఇలా నిలిచిపోయిందంటే ముందు అనుమానించాల్సింది సీఎల్ఎల్‌ని, అంటే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాని, లింఫోసైట్లకి వచ్చే బ్లడ్ క్యాన్సర్‌ని. మళ్ళీ యాంటీబయాటిక్ కోర్సు వద్దు. ఒళ్ళు నొప్పులకని స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వద్దు. ఉబ్బిన లింఫు గ్రంథులు, అదే మనం బిళ్ళలంటామే, అవి తాత్కాలికంగా తగ్గి, అసలు జబ్బు మరుగున పడుతుంది.

హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళు. స్మియర్‌లో, అంటే గాజు పలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూసినప్పుడు, చిన్న, పూర్తిగా ఎదిగిన లింఫోసైట్లు, చితికిన స్మడ్జ్ కణాలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. తేల్చేది మాత్రం ఫ్లో సైటోమెట్రీ, అంటే కణాల మీది ప్రొటీన్ గుర్తులను చూసే పరీక్ష. దానికి చేతి రక్తం చాలు, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి, ఫ్రీజ్ చేయకుండా, త్వరగా ల్యాబుకు చేర్చాలి. రిపోర్టులో సీడీ5, సీడీ19, సీడీ23 అనే గుర్తులు ఉండి, సీడీ20 బలహీనంగా ఉండి, కప్పా, లాంబ్డా అనే రెండు రకాల ప్రొటీన్లలో ఒక్కటే కనిపించాలి. అలాంటి బి కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) మైక్రోలీటరుకు 5,000కి తగ్గకుండా మూడు నెలలు ఉంటే సీఎల్ఎల్ అంటారు. సీడీ23 లేకపోతే అది మాంటిల్ సెల్ లింఫోమా అనే మరో క్యాన్సర్ కాదని రూఢి చేసుకోవాలి. దాని దారి వేరు, అందుకే రిపోర్టులో సీడీ23 ఉన్న వరుస దగ్గర ఆగి చూడు. నిర్ధారణకు ఎముక మూలుగ పరీక్ష సాధారణంగా అక్కర్లేదు. ఎవరైనా ముందే చేద్దామంటే ఎందుకో అడుగు.

మెడ, చంకలు, గజ్జల్లో బిళ్ళలు, ఎడమ డొక్కలో ప్లీహం డాక్టరు చేత్తో చూడాలి. బిళ్ళ కనిపించగానే టీబీ మందులు మొదలుపెట్టేస్తుంటారు. బయాప్సీ లేకుండా ఒప్పుకోకు.

బ్లడ్ క్యాన్సర్ అన్న మాటకే అమ్మ బెంగపడిపోతుంది. ముందుగా ఆవిడకి చెప్పు: హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు బాగుండి, ఇబ్బందేమీ లేకపోతే వెంటనే మందు ఇవ్వరు, కొన్ని నెలలకోసారి చూస్తూ ఉంటారు. అది నిర్లక్ష్యం కాదు. అలాంటి దశలో ముందే మందిస్తే ఆయుష్షు పెరుగుతుందని ఇంతవరకూ తేలలేదు. తెల్లకణాల అంకె పెద్దదైనంత మాత్రాన చికిత్స మొదలవదు. హిమోగ్లోబిన్ పడిపోవడం, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు దిగడం, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం, నెల దాటి రాత్రిళ్ళు బట్టలు తడిసేలా చెమటలు పట్టడం, వీటిని చూస్తారు. హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడితే కూంబ్స్ పరీక్ష అడుగు. శరీరమే ఎర్రకణాలను నాశనం చేస్తూ ఉండొచ్చు. ఒకే బిళ్ళ ఉన్నట్టుండి పెరిగితే వెంటనే చూపించు. చికిత్స దాకా వస్తే ముందు 17పి, టీపీ53, ఐజీహెచ్‌వీ అనే జన్యు పరీక్షలు, హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి.

నాన్నకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే తెల్లారేదాకా ఆగకు. న్యుమోనియా టీకా గురించి ఈ విజిట్‌లోనే అడుగు. ఫ్లో రిపోర్టు రాగానే అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు.

అక్క