ఫ్రీజ్ చేసిన డబ్బును జప్తు అని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ విదేశీ వార్తల పేజీలో 'రష్యా ఆస్తుల జప్తు' అని హెడ్డింగ్ పెట్టారు. జప్తు కాదండీ, ఫ్రీజ్. జప్తు అంటే సొమ్ము చేతులు మారిపోవడం, ఫ్రీజ్ అంటే తాళం వేయడమే. మీ డెస్కులో వాళ్లకి ఇది చిన్న తేడాలా అనిపించొచ్చు గానీ మా ఇంట్లో ఏళ్ల తరబడి ఈ తేడా మీదే గొడవ నడుస్తోంది, అందుకే రాస్తున్నాను.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడికి దిగగానే అమెరికా, యూరప్, జపాన్ లాంటి దేశాలు తమ దగ్గరున్న రష్యా సెంట్రల్ బ్యాంకు నిధుల్ని కదలకుండా ఆపేశాయి. సుమారు 30,000 కోట్ల డాలర్లు. యూరప్‌లో ఉన్నదే 21,000 కోట్ల యూరోల దాకా ఉంటే, అందులో ఎక్కువ భాగం బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బాండ్లు, షేర్లు భద్రపరిచే యూరోక్లియర్ అనే ఒక్క సంస్థ దగ్గరే ఉంది. ఆ సొమ్ము ఈరోజుకీ రష్యా పేరు మీదే ఉంది, కాకపోతే తీసుకోనివ్వరు. బాండ్ల గడువు తీరి పోగుపడిన నగదు మీద వచ్చే లాభం రష్యాది కాదని తేల్చి, దాన్ని మాత్రం ఉక్రెయిన్‌కి మళ్లించారు. 2024 జూన్‌లో జీ7 దేశాలు ఆ లాభాన్నే ఆధారంగా చూపించి 5,000 కోట్ల డాలర్ల అప్పు ఇద్దామనుకున్నాయి. ఇక ఆ అసలు సొమ్మునే ఉక్రెయిన్‌కి అప్పు ఇవ్వడానికి వాడదామంటే బెల్జియం అడ్డం పడింది: రేపు రష్యా కేసు వేసి గెలిస్తే నేనొక్కదాన్నే కట్టాలా, అందరూ పూచీ పడండి అంది. దాని భయం దానిది, తప్పు పట్టలేం. చివరికి 2025 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ దేశాలు ఆ అసలు సొమ్ము జోలికి పోకుండా ఉమ్మడిగా 9,000 కోట్ల యూరోలు అప్పు తెచ్చి ఉక్రెయిన్‌కి ఇద్దామని తేల్చారు. దానికి కొద్ది రోజుల ముందే, ఆరు నెలలకోసారి 27 దేశాలూ సరేనంటే తప్ప సాగని ఫ్రీజును నిరవధికం చేసేశారు, లేకపోతే ఒక్క దేశం మొండికేసినా తాళం ఊడిపోయేది. అన్ని దేశాలు కలిసి కూడా ముట్టుకోవడానికి జంకిన సొమ్మును మీరు ఒక్క హెడ్డింగుతో జప్తు చేసేశారు!

ఇక మా గొడవ. మాది పలాస దగ్గర పల్లె. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టిన డబ్బులు నెలకింత అని ఒక డిపాజిట్ల కంపెనీకి కట్టింది, ఏజెంటు మా వీధివాడే. కంపెనీ మునిగింది. ఆస్తులు అటాచ్ చేశారని పేపర్లో పడిన రోజు మా వీధిలో డబ్బులు వచ్చేసినట్టే సంబరపడ్డారు, జప్తు అంటే పంచిపెట్టేస్తారనే కదా ఎవరైనా అనుకునేది. కంపెనీ ఇచ్చిన బాండు కాగితాన్ని అమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఎన్ని ఆఫీసుల్లో తీసి చూపించిందో, మడత దగ్గర చిరిగి నంబర్లో చివరి రెండంకెలు పోయాయి, ఓ మూల జీడి మరక ఇంకా నల్లగా ఉంది. "తాళమేసినోడు తీసీవరకు మనం గుమ్మంలో కూకోవాలేటి బాబూ" అంటుంది.

నాకైతే నిజాం సొమ్ము గుర్తొస్తుంది గానీ ఆ కథ అమ్మకి చెప్పను. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద పోలీసు చర్య జరుగుతుండగా పది లక్షల పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి మారాయి. కొద్ది రోజులకే నిజాం వెనక్కి ఇమ్మన్నా బ్యాంకు ఇవ్వలేదు. పాకిస్తాన్‌కి సార్వభౌమ దేశంగా ఉన్న రక్షణ వల్ల కోర్టులో ఏళ్ల తరబడి అంగుళం కదల్లేదు. 2013లో పాకిస్తానే కోర్టుకెక్కి ఆ రక్షణ పోగొట్టుకున్నాక గానీ కేసు నడవలేదు. మన ప్రభుత్వమూ నిజాం వారసులూ లోపల రాజీపడి ఒక పక్షాన నిలబడ్డారు, 2019 అక్టోబరులో తీర్పు వచ్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది, ఏడో నిజాం పోయి యాభై రెండేళ్లయింది.

అన్నీ ఇలాగే అవుతాయని కాదు. నైజీరియా నియంత అబాచా దాచిన సొమ్ములో సుమారు 32 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి స్విట్జర్లాండ్ 2017లో ఒప్పందం చేసుకుంది. అంతకు ముందు ఇచ్చిన విడత ఎటు పోయిందని ప్రశ్నలు రావడంతో ఈసారి ప్రపంచ బ్యాంకును మధ్యలో కూర్చోబెట్టి, పేద కుటుంబాలకి నగదుగా చేరాలని ముందే రాసుకున్నారు. నాకు నచ్చింది అదే. తాళం తీసేటప్పుడే సొమ్ము ఎవరి చేతికి వెళ్లాలో కాగితం మీద పెట్టారు.

మన ప్రభుత్వం పారిపోయిన ఎగవేతదారుల ఆస్తుల గురించి 2018లో జీ20లో తొమ్మిది అంశాలు పెట్టింది, బాగానే ఉంది. 2022 నుంచి మన ప్రభుత్వ చమురు కంపెనీల డివిడెండ్లు కూడా రష్యా బ్యాంకుల్లో ఇరుక్కున్నాయి, అంటే ఆ గుమ్మంలో మనమూ ఉన్నాం. కాబట్టి ఏ దేశంతో ఇలాంటి ఒప్పందం కుదిరినా, వచ్చిన సొమ్ము ఖజానాకా, బ్యాంకుకా, డిపాజిట్ కట్టినవాళ్లకా, ఎన్నాళ్లలో అన్నది అందులోనే ఉండాలి. మీ విలేకరులు ఢిల్లీలో అడగాల్సింది అది.

సోమవారం అమ్మని శ్రీకాకుళం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి తీసుకెళ్తున్నాను, ఆ పోయిన రెండంకెల సంగతి తేల్చుకోవాలి. మీరు హెడ్డింగ్ సవరణ వేస్తే ఆ పేపరు కూడా పట్టుకెళ్తాను.

– ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా