విశ్వావసు ఉగాది నుంచి పరాభవ ఉగాది దాకా: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి వారం ముందే కార్యదర్శి నివేదిక సభ్యుల చేతికి అందాలని మన నిబంధన. 2025 మార్చి 30న వచ్చిన విశ్వావసు ఉగాది నుంచి 2026 మార్చి 19న వచ్చిన పరాభవ ఉగాది వరకు లండన్‌లోని మన సంఘం చేసిన పనులు ఇందులో ఉన్నాయి. ఒకరి పేరు రాస్తే ఇంకొకరిది తప్పిపోతుందేమోనని ఈసారి పేర్లు వదిలేసి, చేసిన పనులు మాత్రం రాశాను. ఏది ఎవరు చేశారో మన ఈస్ట్ హామ్, మేనర్ పార్క్, ఇల్‌ఫర్డ్ సభ్యులందరికీ తెలుసు.

ముందుగా ఏటా జరిగేవి. ఉగాదికి పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల పద్యాలు. ఎండబెట్టిన వేపపువ్వును గుంటూరు నుంచి పంపిన అమ్మగారికి, మామిడికాయల కోసం మూడు షాపులు తిరిగిన దంపతులకు కృతజ్ఞతలు. దసరాకి బొమ్మల కొలువు, దీపావళి భోజనాలు, సంక్రాంతికి హాలులోనే ముగ్గుల పోటీ. వంట బృందానికి, సౌండు చూసిన కుర్రాళ్ళకి, కుర్చీలు సర్ది అందరికంటే ఆఖరున ఇంటికి వెళ్ళిన ఆ నలుగురికి సంఘం రుణపడి ఉంది. వనభోజనాలు వానవల్ల జరగలేదు. ఆదివారం తెలుగు తరగతి మాత్రం జనవరి నుంచి కుంటుతోంది. చెప్తామని పేరిచ్చినవాళ్ళు ఐదుగురైతే, వచ్చి చెబుతున్నది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా తరగతికి వస్తున్నారు.

ఇక ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవలసిన పని, అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం 46 మందిమి కలిసి షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని సోండ్‌హైమ్ థియేటర్లో ‘లే మిజరాబ్’ సంగీత నాటకం చూసి రావడం. దాని తర్వాత మన హాలులో పెట్టుకున్న ‘ఎవరికి ఏమనిపించింది’ సభ నాకు నాటకం చూసిన రోజుకంటే ఎక్కువ సంతృప్తినిచ్చింది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇదే నాటకం ఎందుకని కార్యవర్గంలో కొందరు అడిగారు. ఈ నాటకం లండన్‌లో బార్బికన్ సెంటర్లో మొదలై 2025 అక్టోబరు 8కి సరిగ్గా 40 ఏళ్ళు నిండాయి. పైగా విక్టర్ హ్యూగో 1862లో అచ్చువేసిన ఈ కథ మన పెద్దవాళ్ళకి కొత్తది కాదు. నాగయ్యగారి ‘బీదలపాట్లు’ 1950లో వచ్చింది, అదే పేరుతో అక్కినేని సినిమా 1972లో వచ్చింది. రెండూ ఈ నవల ఆధారంగా తీసినవే. పిల్లల్ని చూడ్డానికి ఆరు నెలలు ఇక్కడికి వచ్చి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునే అమ్మానాన్నలకు ఒక మధ్యాహ్నమైనా తమకు తెలిసిన కథ చూపించాలనిపించింది.

కానీ ఈ నాటకంలో విడిగా మాటలు దాదాపు ఉండవు, మొదటినుంచి చివరిదాకా పాటే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే కొన్నిచోట్ల అర్థం కాదు. అందుకని 12 పేజీల తెలుగు పుస్తకం తయారుచేశాం. ఏ పాటలో ఎవరు ఎవరితో ఏమంటున్నారో వరసగా రాసి, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాం. రాయడానికి ముగ్గురికి నాలుగు ఆదివారాలు పట్టింది. అందులో ఒక పేజీ అంతా ఒకే విషయానికి కేటాయించాం. వేదిక మీద కనిపించే బారికేడ్ల పోరాటం 1789 నాటి ఫ్రెంచి విప్లవం కాదు, జనరల్ లామార్క్ అంత్యక్రియల రోజున పారిస్‌లో లేచిన 1832 జూన్ తిరుగుబాటు అని. అంత వివరంగా రాసినా ఇంటర్వెల్లో నలుగురు నన్ను అడిగారు, “ఇంతకీ చివరికి రాజుని దించేశారా?” అని. దించలేదని, ఆ కుర్రాళ్ళు ఓడిపోయారని చెబితే వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి.

ప్రయాణం ఎలిజబెత్ లైన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా, అక్కడినుంచి నడక. సోహో స్క్వేర్ బెంచీల మీద పులిహోర పొట్లాలు విప్పాం. దారి చూపడానికి, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోవడానికి వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్ళు 12 మంది. స్టేషన్‌కి వచ్చింది నలుగురు. తక్కువ ధరకని పై బాల్కనీలో తీసుకున్న సీట్లకి మెట్లు చాలా నిటారుగా ఉంటాయని ముందే చెప్పాం. మోకాళ్ళ నొప్పులున్న ఆరుగురిని ఆ నలుగురే ఒక్కొక్కరిగా ఎక్కించారు. రానివాళ్ళ మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. రాలేమని ఒక్క మెసేజ్ పెడితే వేరేవాళ్ళని పిలుచుకునేవాళ్ళం. చివరి రెండు రోజుల్లో ఐదుగురు టికెట్లు వద్దన్నారు. డబ్బు వాపసు రాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ టెన్షన్లో ఐదు సీట్లకి మనుషుల్ని వెతకడానికి రాత్రి పదకొండు దాకా ఫోన్లు చేశాం. ఆ సీట్లలో కూర్చున్న విద్యార్థులే తర్వాత సభలో అందరికంటే బాగా మాట్లాడారు.

నా పక్కన కూర్చున్నది వరంగల్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు. అక్కినేని సినిమా విడుదలైనప్పుడు ఆమె కాలేజీలో చదువుతున్నారట. రొట్టె దొంగిలించినందుకు ఐదేళ్ళు, పారిపోబోయినందుకు మిగతా శిక్ష, మొత్తం 19 ఏళ్ళు జైల్లో ఉండి వచ్చిన వాల్జాన్‌కి ఒక బిషప్ అన్నం పెడతాడు. వాల్జాన్ ఆయన వెండి సామాను ఎత్తుకుపోతే పోలీసులు పట్టుకొస్తారు. ఆయన కోప్పడకుండా వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా తెచ్చి చేతిలో పెడతాడు. ఆ ఘట్టం రాబోతుండగానే పెద్దమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఒళ్ళోని పుస్తకం జారి కిందపడినా చూసుకోలేదు. బిషప్ ఆ స్తంభాలు చేతికివ్వగానే, “ఇచ్చాడమ్మా, ఇచ్చాడు” అని నాకు మాత్రమే వినబడేలా అన్నారు. ఏం జరగబోతుందో యాభై ఏళ్ళుగా తెలిసినావిడే. అయినా ఆ క్షణం దాకా ఇస్తాడో ఇవ్వడో అన్నట్టే చూశారు.

సభ రెండు వారాల తర్వాత ఆదివారం జరిగింది. మనం ముందే బుక్ చేసుకున్న హాలును అదే సమయానికి ఇంకొకరికి కూడా ఇచ్చేశారు. హాలు ఆఫీసుకి రాసిన మూడు ఈమెయిళ్ళకి ఈ రోజుకీ జవాబు లేదు. వరండా పక్క చిన్నగదిలో సర్దుకున్నాం. ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన ప్రజాప్రతినిధి రాలేదు, రావడం లేదన్న కబురు కూడా పంపలేదు. ఆయన కోసం 40 నిమిషాలు ఆగడం నా తప్పే. 31 మంది వచ్చారు, గది నిండింది. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, మాట్లాడేముందు నాలుగు ముక్కలు రాయమన్నాం.

తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన తాతగారు మొదట లేచారు. ఆయన చిన్నప్పటినుంచీ పద్యనాటకాలు చూసిన మనిషి. బారికేడ్ దగ్గర నిద్రపోతున్న తిరుగుబాటు కుర్రాడు మారియస్‌ని చూస్తూ, ఇతన్ని ప్రాణాలతో ఇంటికి చేర్చమని వాల్జాన్ దేవుణ్ణి వేడుకునే పాట గురించే ఆయన మాట్లాడారు. “హరిశ్చంద్ర కాటి సీనులో జాషువా పద్యాలకి మా ఊళ్ళో జనం వన్స్ మోర్ అని లేచేవాళ్ళు. ఇక్కడ అంతమంది జనంలో ఒక్కరైనా దగ్గలేదు. పాట అయిపోయాక కూడా ఒక్క క్షణం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ఒక్క క్షణమే వీళ్ళ వన్స్ మోర్ అని అర్థమైంది నాకు.” 1985లో రిహార్సల్స్ చివరి దశలో, వాల్జాన్ వేషం వేసిన కోల్మ్ విల్కిన్సన్ గొంతు కోసమే ఆ పాట కట్టారని పుస్తకంలో రాశాం. అది చదివి తాతగారు, నటుడి గొంతు చూసి పాట కట్టడం మన నాటకాలవాళ్ళకి కొత్త కాదని మురిసిపోయారు.

ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న మన సభ్యురాలు మాట్లాడినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ఫాంటీన్ తన కూతుర్ని వేరేవాళ్ళ దగ్గర ఉంచి ఫ్యాక్టరీలో పనిచేస్తూ డబ్బు పంపుతుంది. ఉద్యోగం పోయాక జుట్టు అమ్ముకుంటుంది. “అందరూ ఆ జుట్టు సీనుకి ఏడ్చారు. నాకు అంతకు ముందే, డబ్బు పంపమని ఉత్తరం వచ్చినచోటే ఆగలేదు” అన్నారామె. ఆమె ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళు పాప ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర ఉంది. పాప దగ్గరున్నవాళ్ళు మంచివాళ్ళే, సొంతవాళ్ళే. అయినా నెలాఖరున డబ్బు పంపి ఫోన్ పెట్టేశాక ఎలా ఉండేదో వేదిక మీద ఆ అమ్మాయి ముఖంలో కనిపించిందట. ఆ పాపకి ఇప్పుడు పదకొండేళ్ళు. సభలో అమ్మ పక్కనే కూర్చుంది.

గోడౌన్‌లో పార్ట్ టైమ్ చేస్తూ చదువుకుంటున్న ఒక విద్యార్థి 24601 గురించి చెప్పాడు. వాల్జాన్‌ని వెంటాడే పోలీసు ఇన్‌స్పెక్టర్ జావెర్ అతన్ని తరచూ ఈ ఖైదీ నంబరుతోనే పిలుస్తాడు. “మా షిఫ్టులో సూపర్‌వైజర్‌కి నా పేరు తెలియదు, నా స్కానర్ నంబరు తెలుసు” అన్నాడు.

అందరికీ నచ్చిందని రాస్తే సరికాదు. నవలను ఇంగ్లీషులో పూర్తిగా చదివిన రిటైర్డ్ టీచరుగారు తీవ్రంగానే విమర్శించారు. 365 అధ్యాయాల నవలను మూడు గంటల్లోకి కుదించడంలో వాటర్లూ యుద్ధం మొత్తం పోయిందని, ఆ యుద్ధభూమిలో శవాల జేబులు కొట్టిన తెనార్దియేని ఇక్కడ పాటపాడే కమెడియన్‌ని చేశారని ఆమె బాధ. థియేటరంతా అతన్ని చూసి నవ్వుతుంటే ఆమెకి కష్టంగా అనిపించిందట. పిల్లలకి అందరికంటే నచ్చింది అతనే. నా ఉద్దేశంలో ఇద్దరిదీ సరైన మాటే. ఇదే తెనార్దియే రెండో సగంలో మురుగుకాలవలో శవాల ఉంగరాలు లాగుతుంటే నవ్విన పిల్లలే బిగుసుకుపోయారు, నేను చూశాను. ఇదే థియేటర్ పేరు క్వీన్స్‌గా ఉన్న రోజుల్లో ఈ నాటకం చూసిన దంపతులు మాత్రం గుండ్రంగా తిరిగే వేదిక ఇప్పుడు లేదని దిగులుపడ్డారు. వెనక తెరమీద హ్యూగో స్వయంగా వేసిన చిత్రాల స్ఫూర్తితో చేసిన దృశ్యాలు వాళ్ళకీ నచ్చాయి.

పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. వాల్జాన్ చంపకుండా వదిలేస్తే జావెర్ సంతోషించాలి కదా, సెయిన్ నదిలో ఎందుకు దూకాడు అని. దానిమీద అరగంట వాదన జరిగింది. లాయరుగా చేసిన ఒక బాబాయిగారు, రూలు తప్ప ఏమీ తెలియనివాడికి దయ దొరికితే నిలబడడానికి నేల ఉండదన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. “సారీ చెబితే సరిపోయేది” అంది. టీలు చల్లారిపోయాయి.

1985లో ఈ నాటకం మొదలైనప్పుడు లండన్ పత్రికల్లో చాలామంది సమీక్షకులు పెదవి విరిచారు. అయినా టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. డిసెంబరుకల్లా ప్యాలెస్ థియేటర్‌కి మారింది. అప్పటినుంచి దాన్ని నిలబెట్టింది చూసినవాళ్ళే. అందుకే మనవాళ్ళ మాటలు గాలికి పోకూడదని కాగితాల మీద రాయించాను. దీనికి అంత హడావుడి ఎందుకన్న మిత్రులు ఒక్కసారి ఆ ఫైలు తెరిచి చదవాలని కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు సమావేశంలో చదువుతారు. క్లుప్తంగా, నాటకం టికెట్లకి ఎవరి డబ్బు వారే ఇచ్చారు. పుస్తకం అచ్చుకి 138 పౌండ్లు సంఘం నిధినుంచి ఖర్చయింది. వనభోజనాల అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది. ముగ్గురి చందా బాకీ ఉంది, వారికి విడిగా చెప్పాం.

పుస్తకం రాసిన ముగ్గురికి, ఉచితంగా పేజీలు కూర్చిన తమ్ముడికి, పులిహోర కలిపిన అక్కలకి, మెట్లమీద చేతులు పట్టుకున్న ఆ నలుగురికి, చిన్నగదిలో నిలబడే విన్నవారికి పేరుపేరునా ధన్యవాదాలు.

31 కాగితాలూ ఫైల్లో ఉన్నాయి. 29 టైపు చేయించాం, సమావేశం రోజున బల్లమీద పెడతాం. రెండింటి మీద పేర్లు లేవు. ఒకటి పెన్సిల్‌తో తెలుగులో ఉంది, మొదటి మాట “కొవ్వొత్తులు”. రెండోది ఇంగ్లీషులో ఉంది, ఒకే వాక్యం. అవి ఎవరు రాశారో నాతో చెబితే వాటినీ చేరుస్తాను.

మీ
కార్యదర్శి